ఒక్క వేలితో తిరిగిన అంబాసిడర్

పెళ్లికూతుర్ని ఎక్కించుకున్న అంబాసిడర్ కారు చర్చి సందు మలుపులో సగం తిరిగి ఆగింది. మిగతా సగం తిరగనని మొరాయించింది.

స్టీరింగ్ ముందు ప్రభాకరరావు మేస్టారు. అరవై ఎనిమిదేళ్లు. మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయిన మనిషి. రెండు చేతులతో చక్రం పట్టుకుని లాగుతున్నారు. కోటు చంకలో కుట్టు టప్పున తెగింది గానీ చక్రం అంగుళం కదల్లేదు. వెనక సీట్లో పెళ్లికూతురి మొహం మీద పౌడరు చెమటకి చారలు కట్టింది. బయట పలాస సంఘం మొత్తం పూలు పట్టుకు నిలబడి, స్వాగతం పాటని మూడోసారి మొదటి నుంచి ఎత్తుకుంది.

మేస్టారి పక్క సీట్లో ఆయన కూతురు హెలెన్ పళ్లు నూరుతోంది. ఈ కారంటే ఆమెకి చిన్నప్పటి నుంచీ మంట. ఎప్పుడో మిషన్ డాక్టరు వాడి వదిలేస్తే మేస్టారు కొన్నారు. ఇంట్లో ఫ్రిజ్ మూలుగుతుంటుంది, సోఫా కాళ్లు ఊగుతుంటాయి, కారుకి మాత్రం ఏటా కొత్త పెయింటు. పైగా హెలెన్ టెక్కలిలో ఫిజియోథెరపిస్టు. తండ్రి కుడి భుజం లోపల కండరం చిరిగిందని స్కాన్ చూసి చెప్పింది ఆమే. నమ్మనిది ఆయనే.

"నాన్నా, వదిలెయ్. పదడుగులే కదా, నడిచి వచ్చేస్తాది," అంది హెలెన్.

"ముప్పై ఏళ్ల నుంచీ సంఘంలో ప్రతి పెళ్లికూతుర్నీ గుమ్మం దాకా దింపేను. ఒక్కర్నీ నడిపించలేదు," అన్నారు మేస్టారు రొప్పుతూ.

ఆఖరి పట్టు పట్టారు. భుజం కలుక్కుమంది. చెయ్యి జారింది. కారు నేరుగా వెళ్లి కొబ్బరి మట్టల స్వాగత తోరణాన్ని పొడిచింది. తోరణం మర్యాదగా పక్కకి ఒరిగింది. దానికి కట్టిన బంతిపూల దండ ఒకటి కిటికీలోంచి జారి సరిగ్గా హెలెన్ మెడలో పడింది.

జనంలోంచి ఒకడు పకాలున నవ్వాడు.

హెలెన్ తలుపు తోసుకుని దిగింది. దండ తీసి పారెయ్యాలన్న ధ్యాస కూడా లేదు. "ఎవడది? ఏటి ఆ నవ్వు? ఇక్కడ సర్కస్ జరుగుతోందా?"

"సర్కస్ అయితే టిక్కెట్టు తీసుకుందును మేడమ్," అన్నాడతను. నీలం చొక్కా, చేతి గోళ్లలో గ్రీజు, మొహం నిండా ఇంకా పోని నవ్వు. "అది స్టీరింగు కాదండి, గానుగ. దానికి ఎద్దుని కట్టాల, మేస్టార్ని కాదు. పవర్ స్టీరింగు బిగించీండి, సంటిపిల్ల తిప్పుతాది."

"నువ్వు బిగిస్తావేటి?"

"నా పనే అది. కాశీబుగ్గ దాటేక హైవే మీద జయకర్ షెడ్డు ఎక్కడంటే ఎవులైనా సెప్తారు."

"నీలాగ పనీపాటా లేనోళ్లందరూ చెప్తారు కాబోలు. ముందు వచ్చి బండి తొయ్యి."

అతను నవ్వుతూనే వచ్చి, ఇంకో నలుగుర్ని పిలిచి, బంపర్ కింద చేతులు పెట్టి కారు మూతిని ఎత్తి పక్కకి జరిపాడు. పెళ్లికూతురు గుమ్మం ముందే దిగింది. మేస్టారు మాత్రం కారులోంచి దిగలేదు. భుజం పట్టుకుని కూర్చుండిపోయారు.

ఆ మర్నాడే సంఘ కమిటీ కూర్చుంది. కమిటీ అంటే ఏడుగురు మనుషులు, తొమ్మిది అభిప్రాయాలు. ఎవరి చుట్టాల పెళ్లి వస్తే వాళ్ల అభిప్రాయం మారుతుంది. ఆ రోజు మాత్రం స్త్రీల సమాజం అధ్యక్షురాలు కమలకుమారి ఒక్కతే అందరి తరఫునా మాట్లాడేసింది.

"మేస్టారండీ, మీరు శానా సేవ సేసేరు. ఇంక విశ్రాంతి తీసుకోండి. వచ్చే నెల మన సంఘానికి కోడలుగా వస్తన్న పూండి పిల్ల దీవెన పెళ్లికి ఏసీ కారు పెట్టేద్దుము. ఫోటోలకీ బాగుంటాది."

'విశ్రాంతి' అన్న మాటని ఇంత దయగా వాడి మనిషిని మూల కూర్చోబెట్టే విద్య కమలకుమారికే తెలుసు. పాస్టరుగారు మెత్తటి మనిషి. అటూ ఇటూ చూసి, "అప్పటికి మేస్టారి భుజం బాగుంటే ఆయనే తోల్తారు. లేపోతే ఏసీ కారు," అని తేల్చారు.

దీవెన పెళ్లికి స్టీరింగ్ తిప్పలేకపోతే ఇంక ఎప్పటికీ మేస్టారు పెళ్లి కారు తోలరు. రిటైరయ్యాక ఆయన్ని ఎవరైనా పనుండి పిలిచేది ఆ కారు కోసమే. ఆ రోజు సాయంత్రం ఆయన పెరట్లో నిలిపి ఉన్న కారులో ఒక్కరే కూర్చుని, చక్రం మీద చేతులు పెట్టి, తిప్పడానికి కూడా ప్రయత్నించకుండా ఉండిపోయారు. వంటింటి కిటికీలోంచి అది చూసిన హెలెన్ చేతిలో గిన్నె పక్కన పెట్టి పెరట్లోకి వచ్చింది.

"నాన్నా, పవర్ స్టీరింగ్ పెట్టిద్దుము," అంది.

"సేతికర్ర పట్టుకోమంటావు, అంతేనా? నా సేతులు ఇంకా సచ్చిపోలేదమ్మా. మీ అమ్మ బుధవారం బుధవారం ఉపవాస ప్రార్థన సేస్తంది. ప్రభువే బాగుచేస్తాడు."

రోజుకి పది నిమిషాలు వ్యాయామం చెయ్యమంటే చెయ్యరు. ఆ పది నిమిషాలు కూడా దేవుడే చూసుకోవాలి. ఇలాంటి రోగుల్ని హెలెన్ క్లినిక్‌లో అయితే దులిపేస్తుంది. ఇక్కడ దులపలేక, బస్సెక్కి కాశీబుగ్గ దాటి హైవే మీద దిగింది.

షెడ్డు అంటే నాలుగు స్తంభాలూ ఒక రేకు. రేకు మీద వాన టపటపలాడుతోంది. పక్కనున్న జీడి పిక్కల కార్ఖానా పొగ ముక్కుపుటాలు మండిస్తోంది. జయకర్ ఓ పాత జీపు కింద పడుకుని ఉన్నాడు. ఆమె కాళ్లు చూసి చక్రాల పలక మీద జారుకుంటూ బయటికొచ్చాడు.

"సర్కస్ మేడమ్! వందనాలండి."

"వందనాలు తర్వాత. మా నాన్న కారుకి పని ఉంది. ఆయనకి తెలీకూడదు."

"దొంగ కారుకి సేత్తారండి అలాటి పని."

"గ్రీజూ, వైరింగూ, తుప్పూ అని చెప్తాను. పది రోజులు ఇక్కడుంటాది. స్టీరింగ్ చక్రం పాతదే ఉండాలి, కొత్తగా ఏదీ బయటికి కనబడకూడదు. చేతనవుతాదా, నవ్వడం ఒక్కటే వచ్చా?"

జయకర్ రేకు కింద మూల నుంచి ఒక ఇనప గొట్టం పట్టుకొచ్చాడు. గొట్టం నడుమున బొప్పి కట్టినట్టు ఓ మోటారు. ప్రమాదంలో నుజ్జయిన చిన్న కారులోంచి పాత సామాను కొట్లో దొరికిందట. స్టీరింగ్ చక్రానికీ, కింద చక్రాల్ని తిప్పే కడ్డీకీ మధ్యలో దీన్ని అతుకుతాడు. మనిషి చక్రాన్ని ఇలా అనగానే ఎంత బలం కావాలో అది చూసుకుని మోటారు మిగతాది తిప్పుతుంది. కారులో ఉన్న ముసలి డైనమో దీనికి కరెంటు ఇవ్వలేదు కాబట్టి దాన్నీ మార్చాలి. చెబుతున్నంతసేపూ అతను ఒక్క వెటకారం ఆడలేదు. పని గురించి మాట్లాడితే వేరే మనిషి.

"ఇదంతా సేత్తాను గానండి, దాయడమెందుకు?"

"నీకు అనవసరం."

ఆ పది రోజులూ హెలెన్ క్లినిక్ నుంచి తిరిగొస్తూ రోజూ షెడ్డు దగ్గర బస్సు దిగింది. పనివాడు తిన్నగా చేస్తున్నాడో లేదో చూడ్డానికట. తనకి తనే అలా చెప్పుకుంది. ఆడపిల్లలు ఇలాంటి అబద్ధాలు చెప్పుకోవడం కొత్త కాదు, కాకపోతే ఫిజియోథెరపీ చదివిన అమ్మాయికైనా కాస్త కొత్త అబద్ధం దొరకాల్సింది.

"ఆ వెల్డింగ్ వంకరగా ఉంది," అనేది ఆమె.

"మీరు తల వంకరగా పెట్టి సూత్తన్నారు."

"నీ మెడ చూసుకో ముందు. ఇరవై నాలుగ్గంటలూ బండ్ల కింద అలా తిప్పి పెడితే నలభై ఏళ్లకి ఎటు నడుస్తున్నావో నీకే కనబడదు."

"శానా నొప్పండి, నిజంగానే," అన్నాడు జయకర్.

హెలెన్ బ్యాగు కింద పెట్టి, అతన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, మెడ వెనక బొటనవేళ్లు పెట్టి నొక్కింది. నొక్కుతూ అతను కూర్చునే తీరునీ, దిండునీ, చదువునీ తిడుతూనే ఉంది. కాసేపటికి తన వేళ్లు నొప్పి ఉన్న చోటు దాటి ఊరికే అక్కడ ఆగి ఉన్నాయని ఆమెకి తెలిసి, చప్పున చేతులు తీసేసింది.

"అయిపోయిందేటి?" అన్నాడు అతను.

"క్లినిక్‌కి రా. ఫీజు కట్టి నొక్కించుకో."

"మేడమ్, ఆ రోజు నేను మేస్టార్ని సూసి నవ్వలేదు. కారు ఆగీసరికి దండ మీ మెడలో వుంది. పెళ్లికూతురు యెనకుందా, ముందుందా తెలీక నవ్వేను."

హెలెన్ బస్సు వచ్చేదాకా ఆ మాటకి జవాబు వెతికింది. నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉండే వెటకారం ఆ పూట ఒక్కటీ అందలేదు.

పదో రోజు కారులో ఆమెని కూర్చోబెట్టి ఇంజను వేశాడు. ఆమె చూపుడు వేలు చక్రం చువ్వకి తగిలించి లాగింది. చక్రం వెన్నలా తిరిగింది. పాత నల్ల చక్రం, పాత హారన్, డాష్‌బోర్డు కింద రెక్సిన్ గుడ్డ వెనక ఎవరికీ కనబడని మోటారు. హెలెన్ అరనిమిషం ఏమీ అనలేదు. ఆమె లెక్కలో అది సన్మానం.

"తిట్లయిపోయాయా?" అన్నాడు జయకర్.

"బాగుంది," అంది గొణుగుతూ. ఆ వెంటనే, "పర్వాలేదు," అని సరిచేసుకుంది.

మర్నాడు పెరట్లోనే మేస్టారు కారు ఎక్కారు. ఇంజను వేసి, అలవాటుగా పళ్లు బిగించి, రెండు చేతులతో చక్రాన్ని గట్టిగా లాగారు. కారు గిర్రున తిరిగి భార్య సరోజిని ప్రాణంగా పెంచుకున్న గులాబీ కుండీల మీదికి వెళ్లబోయింది. మేస్టారు బ్రేకు వేశారు. కాసేపు చేతుల వైపు చూసుకున్నారు. తర్వాత ఒక్క చేత్తో తిప్పారు. తర్వాత ఒక్క వేలితో.

"సరోజినీ!" అని అరిచారు. "సరోజినీ, బేగి రా! నా భుజం!"

సరోజిని పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది. ఆయన వేలితో చక్రం తిప్పి చూపించారు. ఆమె అక్కడే పెరట్లో మోకాళ్ల మీద కూర్చుని, "నేను ఆరు బుధవారాలు ఉపవాసం వున్నాను తండ్రీ," అని ఏడ్చేసింది. హెలెన్ నోరు తెరిచింది. తల్లి ఏడుపు, తండ్రి నవ్వు రెండూ చూసి మూసేసింది.

అసలు మూసెయ్యకూడదు. ఊళ్లో అందరినీ కడిగేసే నోరు, కావలసినప్పుడు మూతపడితే ఎందుకూ కొరగాదు.

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం వచ్చింది. దేవుడు తమకి చేసిన మేలు ఎవరైనా లేచి సంఘం ముందు చెప్పుకోవచ్చు. మేస్టారు లేచారు. ఆయన ఎప్పుడూ పొడుగ్గా మాట్లాడరు. ఆ రోజు పావుగంట మాట్లాడారు. "ఈ వేలు సూడండి. ఈ ఒక్క వేలితో," అని వేలెత్తి చూపించారు. చర్చి అంతా హల్లెలూయ అంది. అందరికన్నా గట్టిగా అన్నది కమలకుమారి. వద్దన్న మనిషిని మళ్లీ పిలవాల్సి వస్తే దేవుడి పేరు మీద పిలవడం ఆమెకీ తేలికే. దీవెన పెళ్లికి మేస్టారే అని పాస్టరుగారు అక్కడికక్కడే ప్రకటించారు.

ఆరాధన అయ్యాక జనం మేస్టారి చుట్టూ మూగారు. సూరమ్మ అనే ముసలావిడ ఆయన చెయ్యి పట్టుకుని తన మోకాలి మీద పెట్టించుకుంది. "మేస్టరు బాబూ, ఇంక నేనూ మాత్తర్లు మానేత్తాను. నమ్మకం సాలు," అంది.

వెనక బెంచీలో జయకర్ ఉన్నాడు. అతనిది పూండి సంఘం. ఆ ఆదివారం ఇక్కడికెందుకొచ్చాడో అడిగితే చెప్పలేడు. హెలెన్‌ని చర్చి పక్క సందులోకి పిలిచాడు. మొహంలో నవ్వు లేదు.

"మేస్టారికి సెప్పు," అన్నాడు. 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. ఇద్దరూ గమనించలేదు.

"ఏటి చెప్పాలి? దేవుడు కాదు నాన్నా, కాశీబుగ్గ జయకర్ అని చెప్పాలా? నీకు పేరు కావాలా?"

"పేరు కాదు. ఆ మోటారు ఎప్పుడైనా ఆగిపోతే స్టీరింగు పాతదానికన్నా బరువైపోతాది. తెలిసినోడైతే రెండు సేతులూ బిగబట్టి పక్కకి తెచ్చుకుంటాడు. తెలీనోడు ఒక్క వేలితో తిప్పుతా వుంటాడు. దాన్లో ఎక్కేది మా సెల్లి."

"చెల్లా?"

"దీవెన మా సిన్నాన్న కూతురు. అయినా ఎవులెక్కినా ఇదే సెప్దును."

"అంటే నీ పని మీద నీకే నమ్మకం లేదన్నమాట."

"నా పని మీద వుంది. ఫ్యూజు మీద లేదు. అది ఎప్పుడు పోతాదో ఎవులూ సెప్పలేరు."

"ఆయన మొహం చూసేవా ఇవాళ? ఎన్నాళ్లకి అలా నవ్వేరో తెలుసా? నువ్వు మెకానిక్కువి. బోల్టులు బిగించుకో. నీతులు బిగించకు."

"నువ్వు అందర్నీ ఎక్కిరిస్తావు, హెలెన్. అది నాకు ఇష్టమే. కానీ నిజం సెప్తే తట్టుకోగలడని ఒక్క మనిషినీ నమ్మవు. మీ నాన్నని కూడా. కమలకుమారి గారు ఆయన్ని ముసలోడన్నారు. నువ్వూ అదే అన్నావు, పైకి అన్లేదు, అంతే." అతను సందు చివరికి నడిచి వెనక్కి తిరిగాడు. "పెళ్లికి పదమూడు రోజులుంది. వచ్చే ఆదివారం దాకా సూత్తాను. తర్వాత నేనే సెప్తాను."

వెళ్లిపోయాడు. హెలెన్ అతన్ని తిట్టడానికి మంచి మాటలు వెతుక్కుంటూ ఇంటికొచ్చింది. మూడు రోజులు వెతికింది. బస్సు షెడ్డు దగ్గర ఆగినప్పుడల్లా తల అటు తిప్పుకుంది. అతను తన మీద కోపంగా ఉన్నాడన్నది ఆమెని బాధపెట్టింది. ఆ బాధ ప్రేమ వల్లనేనని ఆమెకి తెలుసు, తెలిసి మరింత కోపం వచ్చింది.

బుధవారం మేస్టారు దీవెన వాళ్ల వీధి చూసి రావాలని పూండి బయల్దేరారు. పెళ్లి రోజు కారు ఎక్కడ ఆపాలో ముందే చూసుకోవడం ఆయన పద్ధతి. సెలవు కాబట్టి హెలెన్ పక్కన కూర్చుంది. చెప్పాలి, చెప్పాలి అని నాలుక చివర పెట్టుకుని మూడు మైళ్లు చెప్పలేదు. వాన జోరందుకుంది. రెండు పక్కలా జీడి తోటలు. మేస్టారు ఒక్క చేత్తో తిప్పుతూ, రెండో చేత్తో తాళం వేస్తూ ఆరాధన పాట పాడుతున్నారు.

మలుపు దగ్గర టిక్కుమని చిన్న చప్పుడైంది. చక్రం బిగుసుకుపోయింది.

మేస్టారి చెయ్యి జారింది. కారు మలుపు తిరక్కుండా రోడ్డు దిగి, జీడి మొక్కల మధ్య ఇసకలో మూతి గుచ్చి ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. మేస్టారు రెండు చేతులతో లాగారు. భుజం పట్టేసింది. మళ్లీ లాగారు. తర్వాత చేతులు ఒళ్లో పెట్టుకున్నారు.

"తీసేసుకున్నాడు," అన్నారు మెల్లగా.

"ఎవరు నాన్నా?"

"ప్రభువు. ఇచ్చింది తీసేసుకున్నాడు. ఆదివారం సాక్ష్యం సెప్తా కమలకుమారి మొహం సూసి లోలోపల గెంతేను, హెలెనూ. నోటితో ఆయనకి స్తోత్రం అన్నాను, మనసులో నాకు నేనే సెప్పుకున్నాను. అంత గర్వం పనికిరాదు. అందుకే తీసేసేడు." పెద్దాయన, లెక్కల మేస్టారు, చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

హెలెన్ సీట్లో ఆయన వైపు తిరిగింది. తన తండ్రి చెయ్యని పాపానికి తన వల్ల ఏడుస్తున్నారు.

"దేవుడు ఏటీ తియ్యలేదు నాన్నా. ఫ్యూజు పోయింది," అంది. మొత్తం చెప్పేసింది. గ్రీజు అబద్ధం, మోటారు, రెక్సిన్ గుడ్డ, పదిరోజులు, ఆదివారం నోరు మూసుకున్న సంగతి.

మేస్టారు వంగి రెక్సిన్ గుడ్డ ఎత్తి మోటారు చూశారు. "ముప్పై ఆరేళ్లు లెక్కలు సెప్పేను. ఎంత ముద్దొచ్చే పిల్లయినా తప్పు లెక్కకి మార్కులెయ్యలేదు. ఏస్తే ఆ పిల్లని తీసిపారేసినట్టే. నువ్వు నాకెందుకేసేవమ్మా?"

జయకర్ అన్న మాటే తండ్రీ అంటున్నారు. "తప్పు నాన్నా," అంది ఏడుస్తూ. జీవితంలో ఆ రెండు మాటలు ఏ వెటకారమూ కలపకుండా ఆమె అనడం అదే మొదలు.

ఫోను చేస్తే జయకర్ అరగంటలో బైకు మీద తడిసి ముద్దయి వచ్చాడు. హెలెన్ వైపు చూడలేదు. తిన్నగా మేస్టారి కిటికీ దగ్గరికి వెళ్లాడు.

"వందనాలండి మేస్టారూ. ఫ్యూజు పోడం నా తప్పేనండి. బోనెట్ కింద వాన నీళ్లు సేరే చోట బిగించేను. మార్సెత్తాను. మీకు సెప్పకుండా బిగించడమూ నా తప్పేనండి. ఒప్పుకోకుండా వుండాల్సింది."

మేస్టారు అతన్ని ఎగాదిగా చూశారు. తన తప్పు ఇంత సూటిగా ఒప్పుకున్న మనిషిని కమిటీలో చేరాక ఆయన చూడలేదు. "ఇంకేటైనా దాసేవా?"

"ఇంకొకటుందండి. అది కారు గురించి కాదు."

మేస్టారు కూతురి వైపు చూశారు. కూతురు జీడి మొక్క వైపు చూసింది. జీడి మొక్కలో అంత చూడ్డానికేమీ లేదు.

జయకర్ తోటలో పనివాళ్లని పిలిచి కారుని వెనక్కి లాగించి, ఫ్యూజు పొడిగా ఉండే చోట కొత్తది బిగించాడు. ఆ తర్వాత మేస్టారి పక్కన కూర్చుని, కారు నెమ్మదిగా పోతుండగా మోటారుకి కరెంటు తీసేవాడు, మళ్లీ పెట్టేవాడు. బరువెక్కగానే ఏం చెయ్యాలి, ఎలా పట్టుకోవాలి, ఎటు ఆపుకోవాలి. ఖాళీ రోడ్డు మీద పది పన్నెండు సార్లు. మేస్టారు ఆఖరుకి, "ఇది బాగుంది. ఇలగ ముందే సెప్పుంటే నేర్సుకుందును కదా," అన్నారు.

ఆదివారం సాక్ష్యాల సమయంలో మేస్టారు లేవబోతే, హెలెన్ ఆయన చెయ్యి పట్టి కూర్చోబెట్టి తను లేచింది. పుట్టి ఇరవై ఏడేళ్లలో ఆమె ఏ రోజూ లేవలేదు. చర్చి అంతా తల తిప్పింది.

"మా నాన్న భుజం బాగవలేదు," అంది. "కారు బాగయింది. దాన్లో మోటారు పెట్టించి ఆయనకి చెప్పలేదు నేను. ఆయన మీకు చెప్పింది ఆయన నమ్మిన నిజమే. అబద్ధం నాది. సూరమ్మ పిన్నీ, మాత్రలు మానకు."

"మానేసి వారమైపోయిందే! అందికేటి ఈ నొప్పి!" అంది సూరమ్మ. బెంచీలు ఘొల్లుమన్నాయి.

కమలకుమారి లేచింది. "అయితే భుజం బాగవనట్టే కదండి పాస్టరుగారూ. మోటారు సాయంతో తోల్తే, ఇంక ఆయన తోలినట్టు ఏటవుతాది? మనిషికి కొంచెం సిగ్గుండాల."

మేస్టారు లేచారు. గొంతు పెంచలేదు. "అమ్మా, మీరు ఇందాక బైబిలు వాక్యం సదివేరు. కళ్లజోడు పెట్టుకుని సదివేరు. అద్దాలు సదివేయి అని ఎవరూ అన్లేదు, మీరే సదివేరన్నారు. నా భుజానికి అది కళ్లజోడు. అది ఎలా పనిచేస్తాదో, ఎప్పుడు ఆగిపోతాదో ఇప్పుడు నాకు తెలుసు. సిగ్గెందుకు?"

కమలకుమారి చెయ్యి దానంతటదే కళ్లజోడు మీదికి వెళ్లింది. తీస్తే పాటల పుస్తకం కనబడదు, ఉంచితే మాట పడుతుంది. ఉంచుకుని కూర్చుంది. పాస్టరుగారు దగ్గి, "దీవెన పెళ్లికి మేస్టారే," అన్నారు. ఈసారి హల్లెలూయ కాస్త తక్కువ మంది అన్నారు, కానీ అన్నవాళ్లు నవ్వుతూ అన్నారు.

బయట కారు దగ్గర మేస్టారు స్టీరింగ్ ముందు కూర్చున్నారు. సరోజిని పక్కన. జయకర్ బోనెట్ మూసి, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ వచ్చాడు.

"కారు గురించి కానిది ఏదో వుందన్నావు. ఇప్పుడు సెప్పు," అన్నారు మేస్టారు.

"మీ అమ్మాయిని నాకిచ్చి పెళ్లి సెయ్యండి," అన్నాడు జయకర్. అంతే. ఇల్లు, వాకిలి, సంపాదన ఏదీ ముందు పెట్టలేదు.

సరోజిని గుండె మీద చెయ్యేసుకుంది. మేస్టారు, "నన్నడిగితే ఏటి లాభం? దాన్నడుగు. ఇప్పుడు పది మాటలంటాది, కాస్కో," అన్నారు.

జయకర్ ఆమె వైపు తిరిగాడు. అడగలేదు. నిలబడ్డాడు.

హెలెన్ నోట్లో పది కాదు, ఇరవై మాటలు వరసలో నిలబడ్డాయి. అతని గోళ్లలో గ్రీజు గురించి ఒకటి, రేకుల షెడ్డు గురించి ఒకటి, వంకర మెడ గురించి రెండు. అన్నీ మంచివే, ఏది అన్నా జనం నవ్వుతారు, ఏది అన్నా తను తప్పించుకోవచ్చు. వాటిని ఒక్కొక్కటే మింగింది. నిజాన్ని అతను తట్టుకోగలడని ఆమెకి తెలుసు. తట్టుకోలేనిది తనే.

"నువ్వంటే నాకు ఇష్టం, జయకర్," అంది.

తర్వాత ఇంకే మాటా కలపలేదు.